సెల్లర్ ఫైనాన్సింగ్: అపార్ట్‌మెంట్ భవనాల కొనుగోలు

అమెరికాలో అపార్ట్‌మెంట్ భవనమంటే సాధారణంగా ఒకే యజమాని చేతిలో ఉండి, మొత్తం అద్దెలకు నడిచేది. మన ఊళ్లలోలా ఫ్లాటుకో యజమాని ఉండరు. అలాంటి భవనం ధరలో కొంత సొమ్మును అమ్మేవారే బాకీగా ఉంచి, వడ్డీతో వాయిదాల్లో వసూలు చేసుకోవడమే సెల్లర్ ఫైనాన్సింగ్. కొనేవారు ప్రామిసరీ నోటు రాసి, భవనాన్నే తాకట్టు పెడతారు. మన 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను కూడా పూర్తి ధర అందని అమ్మకందారుకు ఆ ఆస్తిపై ఛార్జి హక్కు ఇచ్చింది.

10 లక్షల డాలర్ల భవనానికి బ్యాంకు 7 లక్షలు ఇస్తే, అమ్మకందారు 2 లక్షలు బాకీ ఉంచితే, కొనేవారు తెచ్చుకోవలసింది లక్ష. బ్యాంకుది మొదటి తాకట్టు, అమ్మకందారుది రెండోది. భవనం వేలానికొస్తే బ్యాంకు బాకీ తీరాక మిగిలిందే రెండో వారికి. ఈ రెండో అప్పును ఒప్పుకోని బ్యాంకులు చాలా ఉన్నాయి. బ్యాంకుకు చెప్పకుండా దాచడం మాత్రం మోసం, నేరం.

అసలు జాగ్రత్త పడవలసింది బెలూన్ చెల్లింపు దగ్గర. ఆ 2 లక్షలకు 6 శాతం వడ్డీతో 30 ఏళ్ల లెక్కన నెలవాయిదా కట్టి, అయిదేళ్లకు మిగతాది ఒకేసారి (ఇదే బెలూన్ చెల్లింపు) తీర్చాలని రాసుకున్నారనుకుందాం. నెలకు సుమారు 1,199 డాలర్లు. అయిదేళ్లలో దాదాపు 72 వేలు కట్టినా అసలులో తగ్గేది 14 వేలలోపే. గడువునాటికి ఇంకా సుమారు 1,86,000 బాకీ నిలుస్తుంది. అప్పటికి వడ్డీరేట్లు పెరిగినా, అద్దెలు పడిపోయినా కొత్త అప్పు పుట్టకపోవచ్చు, భవనం చేజారవచ్చు. వడ్డీలో అర శాతం తగ్గించుకోవడం కన్నా గడువు మరో అయిదేళ్లు పెంచుకోవడమే కొనేవారికి మేలు.

అమ్మేవారికి పన్నులో వెసులుబాటు ఉంది. అమెరికా ఆదాయపు పన్ను చట్టం 453వ సెక్షను ప్రకారం లాభంపై పన్నును చాలావరకు వాయిదాలు అందే కొద్దీ కట్టవచ్చు. 1981లో గృహరుణాల వడ్డీ 18 శాతం దాటినప్పుడు ఈ పద్ధతి బాగా పుంజుకుంది. పాత బ్యాంకు అప్పును అలాగే ఉంచి ఆస్తి చేతులు మార్చడం మాత్రం ప్రమాదం: అమ్మగానే బాకీ అంతా కట్టమని అడిగే షరతుకు 1982 గార్న్–సెయింట్ జర్మెయిన్ చట్టం దేశమంతటా బలమిచ్చింది.

దస్తావేజు ఎవరి పేరున ఉంటుందన్నది మరో కీలకం. బ్యాంకులు అప్పివ్వని షికాగో నల్లజాతి కుటుంబాలు 1950, 60లలో కాంట్రాక్టు మీద ఇళ్లు కొన్నాయి. చివరి వాయిదా దాకా హక్కు అమ్మినవారిదే. ఒక్కటి తప్పినా ఇల్లూ, కట్టిన డబ్బూ పోయేవి. దీనిపై 1968లో ఆ నగరంలోని లాండేల్ ప్రాంతవాసులు కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్‌గా ఏర్పడి వాయిదాలు ఆపి పోరాడారు. నోటు, తాకట్టు పద్ధతిలో దస్తావేజు మొదటి రోజే కొన్నవారి పేరున రిజిస్టరవుతుంది.