వానపాము చెప్పిన సాక్ష్యం

వానపాముకు మన నిఘంటువుల్లో ఇంకోపేరు ఎర. గాలానికి గుచ్చేదీ ఎరే. కన్నడంలోనూ అది ఎరెహుళువే. ఆ పని తప్ప దానికి ఇంకో పనుందని పెద్దమనుషులెవరూ పట్టించుకోలేదు. 1881లో డార్విన్ వానపాముల మీదే ఒక పుస్తకం రాసి, నాగలి పుట్టకముందు నుంచీ నేలను తిరగేస్తున్నవి ఇవేనని చూపించాడు. ఆ నేలమీద పడే పురుగుమందు వీటినేం చేస్తుందన్న ప్రశ్న గట్టిగా వినబడ్డానికి మాత్రం పిట్టలు చావవలసి వచ్చింది.

అమెరికాలో మిచిగన్ రాష్ట్రం, ఈస్ట్ లాన్సింగ్ విద్యాలయపు ఆవరణ. ఎల్మ్ చెట్లకు తెగులు మోసుకొచ్చే పెంకుపురుగులను చంపాలని 1954లో డి.డి.టి. కొట్టడం మొదలుపెట్టారు. తరువాతి వసంతాల్లో అక్కడికి వచ్చిన రాబిన్ పిట్టలు వణుకుతూ నేలరాలాయి. పక్షిశాస్త్రవేత్త జార్జి వాలెస్‌కు అనుమానం వచ్చింది. మందు కొట్టింది చెట్లకు కదా, నేలమీద తిరిగే పిట్టకేమైంది? ఇల్లినాయ్‌లో రాయ్ బార్కర్ 1958లో ఆ ముడి విప్పాడు. మందంటిన ఆకులు రాలాయి. వానపాములు వాటిని తిన్నాయి. కొన్ని చచ్చినా, బతికినవి విషాన్ని ఒంట్లో దాచుకున్నాయి. అలాంటి పెద్ద వానపాములు పదకొండు చాలు, ఒక రాబిన్ ప్రాణం తీయడానికి! 1962లో రేచెల్ కార్సన్ తన ‘సైలెంట్ స్ప్రింగ్’లో ఈ సంగతిని లోకానికి చెప్పింది.

పరీక్షకు ఒక పద్ధతంటూ ఏర్పడింది 1984లో. ఓ.ఇ.సి.డి. దేశాలు దానికి 207 అని నంబరిచ్చాయి. నూటికి 70 పాళ్ళు ఇసుక, 20 పాళ్ళు తెల్లబంకమన్ను, 10 పాళ్ళు కుళ్ళిన నాచు కలిపి మట్టి తయారుచేస్తారు. అందులో మందు కలిపి, వానపాములను వదిలి, 14 రోజుల్లో ఎన్ని చచ్చాయో చూస్తారు. బతికున్న వానపామే పిట్టను చంపిందన్న మిచిగన్ పాఠం ఈ లెక్కలో ఎక్కడ తేలుతుంది? చావకపోయినా సంతానం ఆగిపోవచ్చునన్న సంగతికి చోటు దొరికింది 2004లో, 222వ పద్ధతిలో. పెద్దవాటిని నాలుగు వారాలుంచి తీసేసి, మరో నాలుగు వారాలకు పిల్లలను లెక్కపెడతారు.

ఇంతకీ పరీక్షకు వాడేది ఎక్కువగా ఐసీనియా ఫెటిడా. పెంటకుప్పల్లో బతికే జాతి. మన వర్మికంపోస్టు తొట్లలో పెంచేదీ అదే. ప్రయోగశాలలో సులువుగా, త్వరగా పెరుగుతుందని దాన్ని ఎంచుకున్నారు. మన పొలాల్లో కనిపించే లాంపిటో మారిటీ వేరే జాతి. ఒకదాని ఆయుర్దాయం చూసి రెండోదానికి జాతకం రాయడం నాకు సబబుగా తోచదు.

2009లో వానపామును దాటి, ఫోల్సోమియా కాండిడా అనే గుడ్డి తెల్లపురుగుకూ 232వ నంబరు పరీక్ష వచ్చింది. అది రెండు మిల్లీమీటర్ల ప్రాణి. 28 రోజులయ్యాక మట్టిలో నీళ్ళుపోసి, పైకి తేలిన పిల్లలను లెక్కపెడతారు.