అవ్వ గది గోడ మీద బహుధాన్య

శ్రీనివాసపురం తాలూకాలోని మా పాత ఇంట్లో అవ్వ గది అని ఒకటుంది. అవ్వ పోయి చాలా ఏళ్ళయినా ఆ పేరు పోలేదు. ఆరేళ్ళ కిందట ఆ గదికి ఒక మేస్త్రీ చేత రంగు వేయించాం. ఆయన పాత పూత సరిగా గీకకుండానే పుట్టీ పట్టించి, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ కొట్టి, పదేళ్ళు ఇటు చూడక్కర్లేదన్నాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ అడుగున మూడడుగుల ఎత్తు దాకా బొబ్బలు లేచాయి. వేలితో నొక్కితే అప్పడంలా విరిగి తెల్లపొడి రాలేది. ఈ ఉగాదికి ముందు మళ్ళీ పని పెట్టుకున్నాం. ఈసారి గీకడానికి మేమే కూర్చున్నాం, అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం.

తప్పు మేస్త్రీది ఒక్కడిదే కాదు. మా గోడ ఎలాంటిదో మాకే తెలియదు. కింద రాతి పునాది, పైన మట్టి గోడ, దానికి సున్నపు పూత. కప్పు మిద్దె: కొయ్య దూలాల మీద సన్న ఇటుకలు పేర్చి, ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి చెక్కలతో కొట్టి గట్టిపరచింది. ఇలాంటి ఇంట్లో నేల నుంచి చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నం గుండా మళ్ళీ గాలిలోకి పోతుంది. సున్నపురాయిని కాల్చి, నీళ్ళలో విరిచి గోడకు పూస్తే అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ సన్నటి రాయిగా మారుతుంది, కానీ ఆవిరికి దారి ఇస్తుంది. ప్లాస్టిక్ రంగు ఆ దారి మూసేస్తుంది. "గోడను ఊపిరాడనీండ్రా" అని అవ్వ అనేది. అదేదో ముసలివాళ్ళ మాట అనుకున్నాం.

ఎమల్షన్, పుట్టీ పోయాక లేత ఆకుపచ్చ డిస్టెంపర్ బయటపడింది. అది మా నాన్నల కాలం నాటిది. ఏషియన్ పెయింట్స్ బొంబాయిలో 1942లో మొదలైంది. దాని గట్టు బొమ్మను, అదే బ్రష్షు పట్టుకున్న తుంటరి పిల్లవాణ్ణి, 1954లో గీసింది మా మైసూరు వాడైన ఆర్.కె. లక్ష్మణ్. డిస్టెంపర్ కింద నీలి చాయ సున్నం. అవ్వ దాన్ని నీలిమందు అనేది గానీ, బట్టలకు పెట్టే నీలం అసలు నీలిచెట్టు సరుకు కాదు. 1820ల చివర ఫ్రాన్సులో కనిపెట్టిన కృత్రిమ అల్ట్రామెరీన్ అది. పసుపుపచ్చగా మారే సున్నాన్ని తెల్లగా చూపించడానికి చిటికెడు వేసేవాళ్ళు.

ఆ నీలం కింద తెల్ల సున్నం, పొర మీద పొర. ఉగాదికో సంక్రాంతికో ఒక పూత, రెంటి మధ్య సన్నటి మసిగీత. మా జిల్లా బంగారు గనులకు 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. మా గోడలు మాత్రం ఆ తరవాత చాలాకాలం దీపపు మసి మింగుతూనే ఉన్నాయి. సున్నం అందానికి మాత్రమే కాదు లెండి. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చినప్పుడు అధికారులే ఇళ్ళకు సున్నం కొట్టించారు. 1898లో అది బెంగళూరుకు వచ్చాక ఇరుకు పేటల బదులు గాలీ వెలుతురూ ఉండేలా బసవనగుడి, మల్లేశ్వరం వేశారు.

డిస్టెంపరుకూ నీలి సున్నానికీ మధ్య, తలుపు పక్కన, బొగ్గుతో రాసిన ఒక వరస కనబడింది. బడిలో మేం చదివింది కన్నడం. తెలుగు అక్షరాలు ముప్పై ఏళ్ళొచ్చాక నేర్చుకున్నాం. అందుకే ముందు కన్నడం లాగే చదివాం, చదవడానికి వచ్చేసింది కూడా: "బహుధాన్య ఫాల్గుణం సున్నం 6 మూటలు కూలి..." ఆ తర్వాత చెరిగిపోయింది. సంవత్సరం పేరు రెండు భాషల్లోనూ ఒకటే, కూలి కూడా ఒకటే. కన్నడమైతే సుణ్ణ అనీ మూటె అనీ ఉండాలి. సున్నం, మూటలు అని ఉంది కాబట్టి ఇది తెలుగే. సర్కారు కాగితాలన్నీ కన్నడంలో నడిచే ఊళ్ళో, ఇంటి లెక్క తెలుగులో రాసుకున్నారన్నమాట.

అయితే ఏ బహుధాన్య? అరవై ఏళ్ళకొకసారి వస్తుంది: 1878, 1938, 1998. చివరిది కాదు, అప్పటికి ఆకుపచ్చ డిస్టెంపర్ ఉంది. చిన్నాయన వెంటనే 1878 అన్నాడు. "చూస్తిరా? కరువు దాటొచ్చిన ఇల్లు ఇది!" అని మురిసిపోయాడు. దానికి ముందు రెండేళ్ళు ధాత, ఈశ్వర. ఆ కరువును మైసూరు సీమలో ఆ పేర్లతోనే తలచుకుంటారు. 1871 లెక్కల్లో 50 లక్షలు దాటిన సంస్థానం జనాభా 1881కి 42 లక్షల దగ్గరికి పడిపోయింది. ఆ తరవాతి ఏడు బహుధాన్య, పేరులోనే ధాన్యం.

మా చెల్లెలు మాత్రం గీకడం ఆపి అంది: "ఊరంతా చచ్చిన మరుసటేడే ఆరు మూటల సున్నం కొన్నారంటే, ఆ రెండేళ్ళూ మనవాళ్ళు గింజలు ఎవరికి అమ్మినారు చిన్నాయనా, ఎంతకు?" ఆయన జవాబు చెప్పలేదు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

టెస్టింగ్ పనిలో ఉన్నవాళ్ళకు ఒక జబ్బుంది, అందరికీ నచ్చిన జవాబును ముందు అనుమానిస్తాం. ఆ వరస చివరి అక్షరాల కింద గోడ రంగు తేడాగా ఉంది. తట్టితే మిగతా గోడ మెత్తగా పలికింది, అక్కడ మాత్రం ఠంగుమంది. ఒకప్పటి దీపపు గూడును సిమెంటుతో మూసి, పైన నీలి సున్నం పూసి, దాని మీద రాశారు. మన దేశంలో సిమెంటు తయారీకి తొలి ప్రయత్నం జరిగింది మద్రాసులో, 1904లో. పెద్ద కంపెనీలు కలిసి ఏసీసీ అయింది 1936లో. 1878లో మా పల్లెలో గూడు మూయడానికి సిమెంటు ఎక్కడిది? కాబట్టి 1938 బహుధాన్యే. ఫాల్గుణం కాబట్టి ఇంగ్లీషు లెక్కకు 1939 తొలి నెలలు.

చిన్నాయన మొహం చిన్నబోయింది. మాకు కొంచెం ఊరటగా అనిపించింది, దాచడమెందుకు. కానీ ఆ వరస 1939ది అయినంత మాత్రాన ఇల్లు 1878లో లేదని కాదు. చెల్లెలి ప్రశ్న అలాగే ఉంది.

పని ఎలా చేశామో కూడా చెప్తాం, మీకూ పాత ఇల్లుంటే పనికొస్తుంది. సిమెంటు, పుట్టీ ముట్టుకోలేదు. సున్నం విరిచేటప్పుడు నీళ్ళు సలసల కాగుతాయి, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. విరిచిన సున్నాన్ని నీళ్ళలోనే మూడు వారాలు ఉంచి, వడగట్టి, తుమ్మజిగురు కలిపి, గోడ తడిపి పల్చగా మూడు పూతలు వేశాం. మొదటిరోజు చూస్తే నీళ్ళు చల్లినట్టే ఉంటుంది, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. తలుపుల పాత ఆయిల్ పెయింటును మాత్రం పొడిగా గీకలేదు. రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది, అంతకు ముందువాటిలో ఎంత ఉందో ఎవరికెరుక. అందుకే తడిపి రుద్దాం, ఆ వారం పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వలేదు.

బొగ్గు వరస ఉన్న జానెడు జాగా వదిలేశాం. అద్దం బిగించలేదు, లోపల చెమ్మ పడుతుంది. దాని కిందే చిన్నాయన చెప్తుంటే మేం పెన్సిలుతో రాశాం: "విశ్వావసు ఫాల్గుణం, సున్నం 2 మూటలు, కూలి లేదు." ఆయన కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసి, అక్షరాలు తెలుగువే గానీ తలకట్లన్నీ కన్నడంవి అన్నాడు.