పిల్లలు, బొమ్మలు, సాలార్‌జంగు మ్యూజియము



హైదరాబాదు చూడవచ్చిన పల్లెవారు చార్మినారు చూచిన పిదప సాలార్‌జంగు మ్యూజియమునకు పోవుట వాడుక. మూసీనదికి దక్షిణపు టొడ్డున నున్న ఆ భవనములోనికి చంటిబిడ్డల నెత్తుకొని, నడువగల పిల్లలను చేయిపట్టుకొని ప్రవేశించు కుటుంబము లెన్నియో. ఆ శాల యెట్లేర్పడినది, అందు పసివారికి దొరకున దేది, దొరకని దేది, అను మూడు సంగతులను ఈ పూట మనవిచేసెదను.

పూర్వము పెక్కుమంది ప్రభువులు వింతవస్తువులను కూర్చినది తమ కన్నులపండువు కొరకును, తమ యతిథుల మెప్పు కొరకును. సాలార్‌జంగులు హైదరాబాదు సంస్థానమునకు దివానులైన వంశమువారు. మొదటి సాలార్‌జంగు 1876లో ఇటలీ దేశమునకు పోయి, బెంజోనీ యను శిల్పి చెక్కిన ముసుగు రెబెకా పాలరాతి విగ్రహమును కొనితెచ్చెను. మూడవవాడగు మీర్ యూసఫ్ అలీ ఖాన్ 1889లో జన్మించెను. 1912లో ఏడవ నిజామునకు ప్రధానమంత్రియై, 1914లో ఆ పదవిని విడిచెను. అది మొదలు 1949లో కన్నుమూయువరకు వస్తుసేకరణమే ఆయనకు వ్రతమయ్యెను. ఆయన వివాహము చేసికొనలేదు; సంతానము లేదు. అట్టివాడు కత్తులతో, గ్రంథములతో, పింగాణీ పాత్రలతో పాటు బొమ్మ సిపాయిల పటాలములను, ఆటరైళ్లను గూడ కూర్చుట నా కెప్పుడును ఆశ్చర్యముగనే తోచును.

ఆయన అనంతరము, 1951 డిసెంబరు 16వ తేదీన, జవహర్‌లాల్ నెహ్రూగారు పాతనగరమందలి దివాన్ దేవిడీలో ఆ వస్తువులను ప్రజల దర్శనార్థము తెరచిరి. 1961లో పార్లమెంటు చట్టముచేసి దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా నిర్ణయించెను. 1968లో అది ఇప్పటి భవనమునకు మారెను. ఒక ప్రభువు లోగిటి బొమ్మలు ఇట్లు టిక్కెట్టు కొన్న ప్రతి రైతుబిడ్డ కన్నులకు అందినవి. ఇది చిన్న మార్పు కాదు.

అక్కడ పిల్లలకు మిక్కిలి ప్రీతియైనది గడియారము. అది కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారి పేరుతో ప్రసిద్ధమైనది. అందు ఒక కమ్మరి బొమ్మ క్షణక్షణమును సమ్మెటతో కొట్టుచునే యుండును. గంట కావచ్చినంతనే గడ్డపు మనిషి బొమ్మ తలుపు తెరచుకొని వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలో అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోవును. పండ్రెండు గంటలవేళ ఎక్కువ దెబ్బలు వినవచ్చునని జనము ముందుగనే చేరి కూర్చుందురు. కాలమును లెక్కించుట యనగా నేమో పుస్తకములో నేర్వని పిల్లవాడు అక్కడ వ్రేళ్లు మడచుచు నేర్చును.

ఆ పిమ్మట బొమ్మల గదికి పోయితిమి. నాలుగేండ్ల నా మనుమరాలు అద్దమునకు ముక్కానించి రైలుబండిని చూచి, “తాతా, ఇది నడుస్తదా?” అని యడిగెను. నడుచునంటిని. “మరి నడిపియ్యరా?” అనెను. ఆ ప్రశ్నలో పెద్ద చిక్కు కలదు. ఆ బొమ్మలను వచ్చినవారెల్ల తాకియున్నచో ఈపాటికి చక్రమొకచోట, ఇరుసొకచోట నుండెడివి. అద్దము వానిని కాపాడినది. కాని పసిబిడ్డకు చేయియే రెండవ కన్ను. బరువు, నునుపు, చల్లదనము చూపున కందవు.

ఈ చిక్కును విప్పుటకు ఇతర దేశములవారు చిరకాలముగ యత్నించిరి. 1899లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో పిల్లలకొరకే ఒక మ్యూజియము వెలసెను. 1907లో రోమునగరపు పేదలపేటలో మరియా మాంటిసోరీ యను వైద్యురాలు శిశుగృహమును స్థాపించి, చెక్కలను, పూసలను పిల్లల చేతికిచ్చి చదువు చెప్పించెను. ఆమెయే 1939లో మన దేశమునకు వచ్చి, మద్రాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ మొసగెను. 1960 తరువాత బోస్టన్ నగరపు పిల్లల మ్యూజియమువారు వస్తువులను అద్దపుపెట్టెలనుండి వెలికిదీసి పిల్లల ముందుంచిరి. 1969లో సాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఎక్స్‌ప్లొరటోరియమును తెరచెను. అందు త్రిప్పుట, లాగుట, ఊదుట యన్నియు చూడవచ్చినవారి పనులే.

మరి మన పాతనగరములో చేతికి దొరకున దేమియు లేదా? మ్యూజియమునుండి లాడ్ బజారు నడచిపోదగిన దూరము. అక్కడ లక్కను నిప్పుసెగపై మెత్తజేసి, సాగదీసి, గాజుగా వంచి, వేడి యారకముందే అద్దపురాళ్లు పొదుగుదురు. చల్లారిన గాజును మనుమరాలి చేతికీయగా, ఆమె దానిని చెంపకు ఆనించుకొని, ముక్కుకడ వాసనచూచి, పిదప తొడిగికొనెను. అద్దములకడ అరగంటలో కలుగని తృప్తి అక్కడ నిమిషములో కలిగెను.

పెద్దలకు నా విన్నపము రెండు మాటలు. మ్యూజియమునకు పిల్లలను కొనిపోయినపుడు గదులన్నియు త్రిప్పి అలయింపకుడు. నాలుగు వస్తువులు చాలును. ఒక్కొక్కదానికడ కూర్చుండి కథ చెప్పుడు. వారి ప్రశ్నకు త్రోవ విడువుడు.

రెండవది, ఇంతకంటె ముఖ్యము. మన పల్లెలలో తిరుగలి, కవ్వము, కుంచము, గుంటక, కుమ్మరిసారె, రాట్నము నానాటికి మూలబడుచున్నవి. వాని పేర్లెరిగిన తరము మీదే. బడిలో ఒక గది యడిగి, వానిని చేర్చి, పిల్లలను ముట్టనిండు, త్రిప్పనిండు. తిరుగలి యరిగినచో గంటు పెట్టించవచ్చును. కవ్వము విరిగినచో వడ్రంగి మరియొకటి చేయును. చేయువాడు బ్రదికియున్నంతవరకే ఆ ధైర్యము. సాలార్‌జంగు రైలుకు అద్దము తప్పదు. మన తిరుగలికి ఇంకను ఆ యవసరము రాలేదు. వచ్చులోపల మన మనుమల చేతులు దాని పిడిని పట్టవలెను.