దుకాణంలో కొనే తేనె: నాణ్యతను నిర్ధారించడం ఎలా?

(ప్రత్యేక వ్యాసం)

చిలమత్తూరు: శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న చిలమత్తూరు మండలం ప్రధానంగా వర్షాధార ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఇది కరువుకు మారుపేరైన అనంతపురం జిల్లాలో భాగంగా ఉండేది. ఏటా కొంగలు వచ్చి గూళ్లు కట్టే వీరాపురం చింతచెట్లు ఈ మండలానికి ప్రత్యేక గుర్తింపును తెచ్చిపెట్టాయి. ఈ మెట్ట భూములలో చింత, కానుగ, వేప పూలే తేనెటీగలకు ముఖ్యమైన ఆహారం. వానలు ముఖం చాటేస్తే పూత తగ్గుతుంది, పూత తగ్గితే పట్టులో తేనె కూడా తగ్గుతుంది.

అయినప్పటికీ దుకాణాలలో తేనె సీసాలకు కొరత లేదు. ఏడాది పొడవునా ఒకే రంగు, ఒకే చిక్కదనంతో అవి లభ్యమవుతున్నాయి. దేశంలో సీసాలకెక్కే తేనెలో అధిక భాగం ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, పంజాబ్, బీహార్, రాజస్థాన్ వంటి రాష్ట్రాలలో పెట్టెలలో పెంచే తేనెటీగల నుండి వస్తుంది. వేర్వేరు ప్రాంతాల తేనెను కలిపి, వడగట్టి నింపడం నేరం కాదు. పంచదార పాకాన్నో, పిండి పదార్థాల నుండి తయారుచేసిన సిరప్‌నో కలిపి తేనె పేరుతో అమ్మడం మాత్రం నేరం. మందుకు అనుపానంగా చిన్న సీసా కొనే కూలీ కుటుంబం పంచదార కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధర చెల్లిస్తున్నది. ఆ ధరకు తగిన సరుకు పొందడం ఆ కుటుంబం హక్కు. చౌక సిరప్ ధాటికి గిట్టుబాటు ధర కోల్పోయేది తేనెటీగల పెంపకందారుడే కనుక ఈ కల్తీ రైతు సమస్య కూడా.

నిబంధనలు ఏమంటున్నాయి?

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ తేనెకు సమగ్ర ప్రమాణాలను 2018లో నోటిఫై చేసి, తదుపరి సవరించింది. వీటి ప్రకారం తేనెలో తేమ 20 శాతానికి మించరాదు. సాధారణ తేనెలో సుక్రోజు 5 శాతం లోపు ఉండాలి. ఫ్రక్టోజు, గ్లూకోజుల నిష్పత్తి 0.95 నుండి 1.50 వరకు ఉండవచ్చు. తేనెను అతిగా వేడి చేసినా, ఎండలో ఎక్కువ కాలం నిల్వ ఉంచినా హెచ్.ఎం.ఎఫ్. అనే పదార్థం పెరుగుతుంది. దీని పరిమితి కిలోకు 80 మిల్లీగ్రాములు. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణాలలో సాధారణ పరిమితి 40 మిల్లీగ్రాములు కాగా, ఉష్ణమండల తేనెకు 80 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది.

ఇంటి పరీక్షల పరిమితి

గ్లాసు నీటిలో చుక్క వేసి చూడడం, తేనెలో ముంచిన దూదివత్తిని వెలిగించడం, బొటనవేలి గోరుపై చుక్క నిలుస్తుందేమో చూడడం, చీమలు పడతాయో లేదో గమనించడం వంటివి ప్రజలలో బహుళ ప్రచారంలో ఉన్నాయి. నీరు లేదా పలుచని పాకం కలిపిన నాసిరకం సరుకును నీటి గ్లాసు, దూదివత్తి పరీక్షలు కొంతవరకు పట్టివ్వగలవు. అయితే నేటి సిరప్‌లు తేనె అంత చిక్కగానే ఉంటాయి. అవి కూడా గ్లాసు అడుగుకు దిగుతాయి, గోరుపై నిలుస్తాయి. మరోవైపు తేమ ఎక్కువగా ఉన్న అసలైన తేనె ఈ పరీక్షలలో తప్పవచ్చు. చీమలు తీపి ఎక్కడున్నా పడతాయి. కనుక ఇంటి పరీక్షలో నెగ్గినంత మాత్రాన అది స్వచ్ఛమని గానీ, తప్పినంత మాత్రాన కల్తీ అని గానీ నిర్ణయించరాదు.

తేనె గడ్డకట్టడం కూడా కల్తీకి రుజువు కాదు. గ్లూకోజు పాలు ఎక్కువగా ఉన్న తేనె సహజంగానే పలుకులు కడుతుంది. ఆవ, పొద్దుతిరుగుడు పూల తేనె త్వరగా గడ్డకడుతుంది. సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచితే అది తిరిగి కరుగుతుంది. పొయ్యిపై నేరుగా వేడి చేయరాదు. రంగు కూడా పూలను బట్టి మారుతుంది. పులిసిన వాసన, పైన నురుగు కనిపిస్తే మాత్రం తేమ ఎక్కువై పులిసిందని భావించవచ్చు.

ప్రయోగశాలలో జరిగేది

చెరకు, మొక్కజొన్న మొక్కలలో కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి తేనెటీగలు వాలే అధిక శాతం పూలమొక్కల కంటే భిన్నంగా ఉంటుంది. ఈ తేడా ఆధారంగా చెరకు, మొక్కజొన్న చక్కెరల కల్తీని గుర్తిస్తారు. ప్రమాణాల ప్రకారం ఈ తరహా చక్కెర 7 శాతానికి మించరాదు. అయితే వరి, బీట్‌రూట్ ఆ పూలమొక్కల కోవకే చెందుతాయి. అందువలన బియ్యపు సిరప్ ఈ పరీక్షకు చిక్కదు. దానికి వేరే పరీక్షలు అవసరమవుతాయి. వాటిలో ఎన్.ఎం.ఆర్. పరీక్ష తేనెలోని అనేక పదార్థాల తీరును ఒకేసారి పరిశీలిస్తుంది.

ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2010లో 12 బ్రాండ్ల తేనెను పరీక్షించగా 11 బ్రాండ్లలో యాంటీబయోటిక్ అవశేషాలు బయటపడ్డాయి. అదే సంస్థ 2020 డిసెంబరులో 13 బ్రాండ్లపై నివేదిక వెలువరించింది. పరీక్షించిన 22 నమూనాలలో అన్ని పరీక్షలలోనూ నెగ్గినవి 5 మాత్రమే. పలు కంపెనీలు ఈ నివేదికతో విభేదించి, తమ ఉత్పత్తులు దేశీయ ప్రమాణాలకు లోబడే ఉన్నాయని ప్రకటించాయి. యూరోపియన్ యూనియన్ 2023లో వెల్లడించిన తనిఖీలలోనూ దిగుమతి తేనె నమూనాలు 320 పరిశీలించగా 147 అనుమానాస్పదంగా తేలాయి. సమస్య ఒక దేశానికో, ఒక బ్రాండుకో పరిమితమైనది కాదు.

కొనేటప్పుడు గమనించవలసినవి

- 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ సంఖ్య. ఇది వ్యాపారి నమోదును తెలుపుతుందే గాని స్వచ్ఛతకు హామీ కాదు.
- అగ్‌మార్క్ ముద్ర. ఇది 1937 చట్టం కింద అమలయ్యే గ్రేడింగ్ గుర్తు. తేనెకు స్పెషల్, ఏ, స్టాండర్డ్ అనే గ్రేడులున్నాయి.
- బ్యాచ్ సంఖ్య, ప్యాకింగ్ తేదీ, తయారీదారు పూర్తి చిరునామా.
- పదార్థాల జాబితా. సిరప్, గ్లూకోజు, రుచికారకాలు పేర్కొని ఉంటే అది తేనె కాదు, తేనె కలిపిన మరో పదార్థం.
- సీలు, మూత స్థితి. ఎండలో పేర్చిన సీసాలను కొనరాదు.
- బిల్లు తప్పక తీసుకోవాలి. బిల్లు లేని ఫిర్యాదుకు బలం తక్కువ.

సంతలలో, రహదారుల పక్కన పాత సీసాలలో అమ్మే విడి తేనెకు ఈ వివరాలేవీ ఉండవు. పక్కన మైనపు పట్టు పెట్టి అమ్మినంత మాత్రాన సీసాలోనిది ఆ పట్టు నుండి తీసినదేనని చెప్పలేము. పట్టును చేతితో పిండి తీసిన తేనెలో పుప్పొడి, మైనంతో పాటు పిల్లపురుగుల రసం కూడా కలుస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ప్రారంభించిన మధుక్రాంతి పోర్టల్‌లో నమోదు చేసుకున్న పెంపకందారులకు తమ తేనె మూలాన్ని చూపుకునే అవకాశం కలుగుతుంది.

అనుమానం కలిగితే

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లోని 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు స్వయంగా రుసుము చెల్లించి ఫుడ్ అనలిస్టు ద్వారా పరీక్ష చేయించుకోవచ్చు. అయితే ఈ ఉద్దేశాన్ని కొనే సమయంలోనే వ్యాపారికి తెలియజేయాలి. సరుకు ప్రమాణాలకు లోబడి లేదని తేలితే రుసుమును తిరిగి పొందే హక్కు ఉంది. ఆహార భద్రత అధికారి సేకరించే నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. అనలిస్టు 14 రోజులలో నివేదిక ఇవ్వాలి. దానిపై అప్పీలుకు, రెఫరల్ ప్రయోగశాల పరీక్షకు అవకాశం ఉంటుంది. నాసిరకానికి 5 లక్షల రూపాయల వరకు, తప్పుడు లేబులుకు 3 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫిర్యాదు చేయవచ్చు.

గ్లాసు నీటి పరీక్ష ఆధారంగా ఒక బ్రాండును కల్తీదని ప్రచురిస్తే నిజాయితీగల పెంపకందారుడు, వ్యాపారి నష్టపోయే ప్రమాదం ఉంది. బ్యాచ్ సంఖ్య, నమూనా తీసిన తేదీ, చేసిన పరీక్ష, నివేదిక దశ పేర్కొన్నప్పుడే అటువంటి వార్తకు విలువ ఉంటుంది.

పసిబిడ్డలకు వద్దు

తేనె ఎంత స్వచ్ఛమైనదైనా ఏడాది నిండని శిశువులకు నాకించరాదని వైద్యులు హెచ్చరిస్తున్నారు. తేనెలో ఉండగల బోటులిజం సూక్ష్మజీవుల బీజాలు పసివారి పేగులలో పెరిగి ప్రాణాపాయం కలిగించవచ్చు. పుట్టిన బిడ్డ నాలుకపై తేనె రాసే ఆచారం ఉన్న కుటుంబాలకు ఈ విషయాన్ని ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రత్యేకంగా తెలియజేయవలసి ఉంది. మధుమేహ రోగులకు కూడా తేనె పంచదారకు నిరపాయకరమైన ప్రత్యామ్నాయం కాదు.

లేబులు చదివి, బిల్లు తీసుకుని, సీసాను నీడలో భద్రపరచడం కొనుగోలుదారు చేతిలో ఉన్న పని. ఆపై తలెత్తే అనుమానాన్ని తీర్చవలసినది ప్రయోగశాల.