ముక్కులోని దుర్మాంసము

ఉరవకొండవంటి మెట్టసీమలో చెరువు నిండుట యొక పండుగ. నీరు కరవైన చోట ఆ యొక్క మడుగే మనుష్యులకు స్నానఘట్టము, ఎనుములకు ఈతకొలను, బట్టలకు చాకిరేవు. ఎండలు ముదిరి నీరు ఇంకినకొలది ఊరి వాడుకంతయు ఒక్క గుంటలోనికి కుదియును. ముక్కులో పెరుగు ఒకానొక వింత దుర్మాంసమునకు ఇట్టి నీటితో సంబంధము కలదని వైద్యులు గ్రహించుటకు చాలకాలము పట్టినది. ఆ కథనే శ్రోతలకు మనవి చేయుచున్నాము.

1900లో బ్యూనస్ ఐరిస్ నగరమున గిల్లెర్మో సీబర్ తన సిద్ధాంతవ్యాసములో, ముక్కు కణితులనుండి తీసిన ఒక సూక్ష్మజీవిని వర్ణించెను. మూడేండ్లకు, 1903లో, కలకత్తానుండి ఓకినీలీ అట్టిదానినే ప్రకటించెను. ఎక్కడి ఆర్జెంటీనా, ఎక్కడి వంగదేశము! ఎడింబరోలో ఆష్‌వర్త్ 1923లో దాని జీవితచక్రమును వివరించి, అది శిలీంధ్రమని తలచి, రైనోస్పొరిడియం సీబెరి అను పేరు స్థిరపరచెను. పేరు నిలిచినది గాని శిలీంధ్రమను మాట నిలువలేదు. 1990ల చివర జన్యుపరీక్షలవలన అది చేపలను బాధించు కొన్ని సూక్ష్మజీవులకు చుట్టమని తేలినది. నీటిపై వైద్యులకున్న అనుమానమునకు ఇంతకంటె బలమేమి కావలయును? ఈ వ్యాధి భారతదేశమునను, సింహళమునను అధికము; చెరువులలో మునుగువారికి, నదులలో ఇసుక తీయువారికి ఎక్కువగా వచ్చుటయు ఇందుకు తగియే యున్నది.

రోగికి ముందుగా ముక్కు దిబ్బడ, పిమ్మట నెత్తురు. ఎఱ్ఱని మెత్తని కండపై తెల్లని నూకలవంటి చుక్కలు కనబడును. ఒక్కొక్కప్పుడది వెనుకకు పెరిగి గొంతులోనికి వ్రేలాడును. ఇంటివారు పుట్టకురుపేమోయని బెదరుదురు. ఆ భయము చాలవరకు వట్టిదే. కాని నిజమైన కేన్సరును దుర్మాంసమని ఉపేక్షించుట అంతకంటె ఘోరము. కనుక కంటిచూపుతో తీర్పు చెప్పరాదు. చిన్న ముక్కను కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించినచో, బీజములతో క్రిక్కిరిసిన గుండ్రని సంచులు కనిపించును. అదియే సాక్ష్యము.

పట్టుకారుతో పైపైన లాగివేసినచో నెత్తురు ధారకట్టును, కండ మరల మొలచును. మొదలంట కోసి ఆ చోటును విద్యుత్తుతో కాల్చుట నేటి శస్త్రవైద్యుల పద్ధతి. పిమ్మట కొందరు డాప్సోన్ మాత్రలిత్తురు; దాని ఫలము అందరియందును ఒక్కతీరుగ లేదు. కర్నూలు వైద్యకళాశాలయు, 2000లో అనంతపురము ప్రభుత్వ వైద్యకళాశాలయు వెలసిన పిమ్మట ఈ ప్రాంతమువారికి ఇట్టి పరీక్షలు దగ్గరైనవి.

అయినను చెరువు మానుమని రోగికి చెప్పుట సులభము. వేరొక నీరు చూపకుండ చెప్పినచో, కోతమాని ఇల్లు చేరినవాడు వేసవిలో మరల ఆ గుంటలోనే మునుగును.