అత్తమ్మ చెప్పిన ఆ వంట పేరు

పోయిన ఎండాకాలం మా ఇంటి వెనక కొట్టం తీసేసి అక్కడ ఒక గది వేద్దామనుకున్నాం. కొట్టంలో ఉన్న సామానంతా తెచ్చి వాకిట్లో పెట్టాను. చెదలు పట్టిన గుమ్మి, పగిలిన చాట, కవ్వం, ఇత్తడి మానిక, సోల, తవ్వ, అన్నిటికంటే బరువైనది విసుర్రాయి. పాత సామాన్లు కొనే అతన్ని మా వారు రమ్మన్నారు. ఈలోగా మా అత్తమ్మ కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి విసుర్రాయి పక్కన కూర్చుంది.

అత్తమ్మకి ఎనభై దాటాయి. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది. మా అమ్మాయిని చూసి తన చెల్లెలి పేరు పెట్టి పిలుస్తుంది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. కానీ ఆ రాయి మీద చెయ్యి వెయ్యగానే, "గిదాంట్ల జొన్నలు పలుకు పలుకు ఇసిరి గట్క వండుతుంటిమి బిడ్డా. పొద్దుగాల ఇసురుకుంట పాట పాడితే వాడకట్టంత ఇనబడుతుండె" అంది. అక్కడితో ఆగకుండా, పండక్కి చేసే ఇంకో వంట పేరు కూడా చెప్పింది. ఆ పేరు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. సామాను సర్దే తొందరలో ఉండి, "సరే అత్తమ్మా, తర్వాత చెప్పు" అన్నాను.

ఆ వారంలోనే మా అమ్మాయి హైదరాబాద్ నుంచి సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తెచ్చింది. తన పరీక్ష కోసం తెచ్చుకున్న పుస్తకం, చివరికి నా చేతిలో పడింది. ప్రతాపరెడ్డి గారు మన పక్కనే పాలమూరు జిల్లా మనిషి. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకి జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. ఈ సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది. ఆయన పోయాక, 1955లో, తెలుగుకి ఇచ్చిన మొదటి సాహిత్య అకాడమీ బహుమతి దీనికే వచ్చింది.

చరిత్ర అంటే ఏ రాజు ఎవర్ని ఓడించాడన్నదే అని బడిలో చదువుకున్నాం కదా. ఈ పుస్తకంలో ముఖ్యమైనది అది కాదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు, ఏ దేవతకి మొక్కారు, ఇవే ముఖ్యం. మరి ఇవన్నీ ఆయనకి ఎక్కడ దొరికాయి? శాసనాల్లో దానధర్మాల సంగతులు ఉంటాయి గానీ పులుసులో ఏం వేశారో ఉండదు. అందుకే ఆయన కావ్యాలు వెతికారు. గోల్కొండ నవాబుల నాటి రోజులూ, ఆ తర్వాతి రోజులూ రాసేటప్పుడు శుకసప్తతి, హంసవింశతి లాంటి కథల పుస్తకాలు ఆయనకి బాగా పనికొచ్చాయి.

ఈ రెండూ కొంచెం చిత్రమైన పుస్తకాలు. ఒకదాంట్లో చిలుక, ఇంకోదాంట్లో హంస, పరాయి మగవాడి దగ్గరికి బయల్దేరిన ఆడదాన్ని రోజుకో కథ చెప్పి ఆపుతుంటాయి. నీతి పుస్తకాలు కావని పెద్దలు పిల్లలకి ఇచ్చేవారు కాదు. కానీ ఆ కథల మధ్యలో కవులు నగల పేర్లు, వడ్ల రకాలు, పిండివంటలు, చేతిపనివాళ్ళ పనిముట్లు వరసపెట్టి చెప్పుకుంటూ పోయారు. కథ కోసం చదివితే విసుగు పుట్టే ఆ జాబితాలే, రెండు మూడు వందల ఏళ్ళ కిందటి ఇల్లు ఎలా ఉండేదో చూపిస్తున్నాయి.

ఆ జాబితాలు చూపించని సంగతులు కూడా ఉన్నాయి. మన పోపులపెట్టెలో ఎండుమిరపకాయ ఉంది చూడండి, అది ఈ దేశపుది కాదు. పోర్చుగీసువాళ్ళు అమెరికా ఖండం నుంచి తెచ్చారు. 1498లో వాస్కో డ గామా వచ్చేనాటికి మన వంటింట్లో కారం అంటే మిరియాలే. టమాట, ఆలుగడ్డ, పల్లికాయ, మక్కజొన్న, చివరికి మా అత్తమ్మ వాళ్ళమ్మ తాగిన చుట్టలోని పొగాకు కూడా అలా వచ్చినవే. ఎవరో ఒక ఇల్లాలు మొదటిసారి మిరపకాయ నూరి పచ్చడి చేసి ఉంటుంది. కారం ఎక్కువైందని ఆ రోజు ఇంట్లో గొడవ కూడా అయి ఉంటుంది! ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

బయటి దేశం వాళ్ళు రాసిన పుస్తకాల్లో ఆడవాళ్ళు గుంపుగానే కనిపిస్తారు. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే పాత బాట మన నల్లగొండ ప్రాంతం మీదుగానే వెళ్ళేది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆ దారులు తిరిగి, 1676లో తన ప్రయాణాల పుస్తకం అచ్చు వేయించాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవై వేల మంది దాకా పనిచేస్తున్నారనీ, మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారనీ రాశాడు. వజ్రాల బరువు, ధర మాత్రం లెక్క తప్పకుండా రాసుకున్నాడు. ఆ గంపలు ఎత్తిన వాళ్ళు ఇంటికెళ్ళి ఏం వండుకున్నారో ఆయనకి ఎందుకు?

ఆడవాళ్ళు తామే రాసుకున్నా అంత తేలిగ్గా నిలవలేదు. తంజావూరులో ముద్దుపళని 18వ శతాబ్దంలో 'రాధికా సాంత్వనం' రాసింది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ గారు దాన్ని మళ్ళీ అచ్చు వేయిస్తే అప్పటి ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. రాసిన వాళ్ళ సంగతే అలా ఉంటే, వండి వడ్డించిన వాళ్ళ మాట ఎవరు దాచిపెడతారు?

ప్రతాపరెడ్డి గారి పుస్తకంలో నా మనసుకి తగిలిన మాట ఒకటుంది. పాత కావ్యాల్లోని మాటలకి అర్థం కోసం నిఘంటువు తీస్తే, ఒక వంట పేరు దగ్గర "భక్ష్యవిశేషము" అని, ఒక ఆట పేరు దగ్గర "క్రీడావిశేషము" అని ఉంటుందని ఆయన బాధపడ్డారు. అంటే ఏదో ఒక తినుబండారం, ఏదో ఒక ఆట అని. అది ఎలా చేస్తారో, ఎలా ఆడతారో చెప్పలేదు. ఆ వంట చెయ్యడం వచ్చిన ముసలమ్మ ఎక్కడో ఒక ఊళ్ళో అప్పటికి ఉండే ఉంటుంది. ఆమెని అడగాలని ఎవరికీ తోచలేదు.

అది చదివి పుస్తకం మూసేసి అత్తమ్మ దగ్గరికి వెళ్ళాను. "మొన్న విసుర్రాయి దగ్గర ఒక వంట పేరు చెప్పినవు గదా, అదేంది అత్తమ్మా?" అని అడిగాను. నా మొహంలోకి చాలాసేపు చూసింది. "నేనేం జెప్పిన బిడ్డా?" అంది. గట్క సంగతి గుర్తుచేశాను, పండగ సంగతి గుర్తుచేశాను. లాభం లేకపోయింది. మా ఆడపడుచుకి ఫోన్ చేస్తే ఆమెకీ తెలియదంది.

ఆ రాత్రే ఒక రెండొందల పేజీల నోటుబుక్కు తీసి మొదలుపెట్టాను. గట్క ఎలా వండాలో, ఎన్ని గిద్దెలకి ఒక సోలో, మలీదలో బెల్లం ఎంతో, అత్తమ్మకి గుర్తొచ్చినప్పుడల్లా ఆమె మాటల్లోనే రాసుకుంటున్నాను. విసుర్రాయిని అమ్మలేదు, కొత్త గది మూలకి పెట్టించాను. నోటుబుక్కు మొదటి పేజీలో మాత్రం ఒక్క వరసే ఉంది: "పండక్కి చేసేది, జొన్నపిండితో, ఏదో ఒక పిండివంట." నిఘంటువు రాసినాయన మీద కోపం తెచ్చుకున్న నేనే, నా ఇంట్లో నా చేత్తో "భక్ష్యవిశేషము" అని రాసుకున్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఇవాళే పక్కన కూర్చుని అడగండి. పొయ్యి మీద పాలు ఉంటే దించేసి మరీ అడగండి.