కృష్ణా డెల్టా కోతలచేను: చిత్రలేఖనశిక్షణము

కృష్ణాతీరమున మానవాకృతిరచన ప్రాచీనమైనది. అమరావతీ స్తూపఫలకములందు జనసమూహములు క్రిక్కిరిసి కానవచ్చును. కాని అచ్చట నేల సంకేతమాత్రము. పొలమును కూలిజనమును సమప్రాధాన్యముతో నొక్క పటమున నిలుపు విద్య వేఱు. దానికి వలయు శిక్షణము ఆంధ్రదేశమున ఇరువదవ శతాబ్దిని రెండు మార్గముల వచ్చినది.

ఆ పొలముల స్వరూపమును కొంతవఱకు నవీనమే. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు మండలమును నిర్జనప్రాయము చేసెను. పిమ్మట కాటన్ దొర ప్రేరణమున కెప్టెన్ ఓర్ నిర్వహణమున 1852లో ఆరంభమైన విజయవాడ ఆనకట్ట 1855లో ముగిసెను. కాలువలు పాఱి మెట్టభూములు వరిమాగాణులయ్యెను. కావున నిచ్చటి కోతలదృశ్యము కన్నులపండువు మాత్రమే గాక, ఆకలి తీఱిన సీమ చరిత్రయు నగును.

మొదటి మార్గము రాజమహేంద్రవరమునది. కళాశాలాధ్యక్షుడైన ఓస్వాల్డ్ కూల్డ్రే శిష్యులను ప్రకృతిని చూచి గీయ పురికొల్పెను. ఆయన ప్రోత్సాహమున దామెర్ల రామారావు (1897-1925) బొంబాయి జె.జె. కళాశాలలో చేరి, సజీవాకృతిలేఖనము నభ్యసించెను. రెండవది బందరుది. 1907లో బిపినచంద్రపాలుని ఉపన్యాసములచే ప్రేరితులైన కోపల్లె హనుమంతరావు ప్రభృతులు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. అందు వంగదేశీయుడగు ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు అవనీంద్రనాథుని సంప్రదాయమును బోధించెను. అడివి బాపిరాజు, గుర్రం మల్లయ్య, కౌతా రామమోహన శాస్త్రి ఆయన శిష్యులు. బాపిరాజు కూల్డ్రేకును శిష్యుడగుటచే నుభయమార్గములు ఆయనయందు కలిసినవి.

కోతలచేను ఈ రెండు విద్యలను కోరును. రంగును పలుమాఱులు నీట కడిగి మెత్తపఱచు వంగపద్ధతి మార్గశిరపు మంచునకు తగినది. కళ్లముమీది మిట్టమధ్యాహ్నపుటెండకు చాలదు. ఎండకు ఛాయానిర్ణయమును, వంగి కొడవలి పట్టిన నడుమునకు శరీరజ్ఞానమును వలయును. మఱియు డెల్టా సమతలము. విజయవాడ కొండలను దాటినచో చూపు నాపునది లేదు. నేలపై నిలిచి గీచినచో ముందువరుస కోతగాండ్రు వెనుకవారిని కప్పుదురు. కాలువగట్టు నెక్కి చూచినచో గట్లు, పనల వరుసలు, కుప్పలు, తాటిచెట్లు క్రమముగా చిన్నవగుచు దూరమును తెలుపును. 1565లో బ్రూగెల్ రచించిన కోతలచిత్రమునందును ఇట్టి ఉన్నతదృష్టియే కలదు: చెట్టునీడను భుజించువారు దగ్గఱ, పొలము దిగువగా దూరమున.

గ్రామజనులు కళకు తగరను శంక ఈ సీమకు పొసగదు. తెల్లపొణికి కఱ్ఱతో చేసిన కొండపల్లి బొమ్మలలో దశావతారములతోపాటు గీతకార్మికుడును ఎడ్లబండియు నిలిచియున్నవి. 1938 హరిపుర కాంగ్రెసునకు నందలాల్ బోసు వ్రాసిన పటములందు శ్రామికులే నాయకులు.

నేడు డెల్టాలో కోతయంత్రములు విస్తరించినవి. చేతికోత, పశువులతో కుప్పనూర్పు, చేటతో తూర్పారపట్టుట అరుదగుచున్నవి. ఆ పనులందు దేహము వంగిన తీరును మాట పూర్తిగా చెప్పజాలదు. నిఘంటువు పదమును మాత్రమే కాపాడును. కావున పాఠశాలలందు చిత్రలేఖనము నేర్పువారు, ఆ పనులెఱిగిన వృద్ధులుండగనే, విద్యార్థులచే వాని రేఖాచిత్రములను వ్రాయించుట చరిత్రరక్షణము కూడ నగును.